అత్తయ్య వైపు ఒరిగిన కారు

మా నాన్నకి అబద్ధమాడటం చేతకాదు. నిజం చెప్పడం అంతకన్నా చేతకాదు. ఎదుటివాళ్ళకి నచ్చని మాటేదైనా చెప్పాల్సి వస్తే ఆయన గొంతులో ఏదో అడ్డం పడేది. నీళ్ళు నమిలేవాడు. కళ్ళజోడు తీసి తుడిచేవాడు. అప్పటికీ ఆ మనిషి కదలకుండా జవాబు కోసం నిలబడితే, ఎండ గురించో వాన గురించో మొదలుపెట్టేవాడు.

ఆయన పనిచేసింది కళ్ళజోళ్ళ షాపులో. అద్దాల్ని ఫ్రేముకి సరిపోయేలా అరగదీసి బిగించడం ఆయన పని. షాపు వెనక చిన్న గదిలో, సన్నగా నీళ్ళు కారే సానచక్రం ముందు కూర్చుంటే ఆయనంత సుఖపడే మనిషి ఉండడు. యజమాని బయటికి వెళ్ళి, ఈయన కౌంటరు దగ్గర నిలబడాల్సి వచ్చిందా, ముచ్చెమటలు పోసేవి. ఎవరైనా తమకి నప్పని ఫ్రేము పెట్టుకుని, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, "ఎలా ఉందండీ?" అని అడిగితే, "బాగుందండీ... ఫ్రేము బాగుంది... మీరూ బాగున్నారు... విడివిడిగా" అనేవాడు.

అమ్మ ఆయనకి ఆ షాపులోనే దొరికింది. జోడు చేయించుకోవడానికి వచ్చింది. "స్క్రూ వదులైతే తీసుకురండి, బిగిస్తాను" అన్నాడట. వారం తిరక్కుండానే వదులైంది. బిగించాడు. మళ్ళీ వదులైంది. ఎండాకాలమంతా ఇలా గడిచాక అమ్మకి అనుమానం వచ్చింది. ఈ మనిషి బిగించడం లేదు, వచ్చిన ప్రతిసారీ ఒక పిసరు వదులు చేసి పంపిస్తున్నాడు.

"చూడండీ, స్క్రూ లూజైంది నా జోడుకి కాదు, మీకు. పెళ్ళి చేసుకోవాలని ఉంటే ఆ ముక్కేదో చెప్పండి. వారం వారం బస్సెక్కి రాలేక చస్తున్నాను" అంది.

"ఇవాళ మరీ ఉక్కగా ఉంది కదండీ" అన్నాడు నాన్న.

అమ్మ దాన్నే ఒప్పుకోలు కింద జమకట్టుకుంది.

ఇలాంటి మనిషి మా అత్తయ్యకి తమ్ముడుగా పుట్టడం విచిత్రం. అత్తయ్య మాటలో డొంకతిరుగుడన్నది లేదు. బడిలో ఆటల టీచరుగా చేసి రిటైరైంది. పొడుగూ వెడల్పూ గొంతూ అన్నీ ధారాళం. మైదానం ఈ చివర నిలబడి పిలిస్తే, ఆ చివరి పిల్లలే కాదు, గోడ అవతల దారిన పోయేవాళ్ళు కూడా ఆగి వెనక్కి తిరిగేవారట. నాన్న పసివాడుగా ఉన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే, ఆవిడే అన్నీ అయి పెంచింది. అందుకని జుట్టు నెరిసినా ఆవిడ ముందు నాన్న గుమ్మం పట్టుకుని నిలబడే పిల్లాడే.

మా ఇంటి వెనక వీధిలోనే అత్తయ్య ఇల్లు. ఆదివారం పొద్దున్న మేమందరం ఆవిడని కార్లో ఎక్కించుకుని ఊరవతల ఈతకొలను దగ్గరికి వెళ్ళేవాళ్ళం. అత్తయ్య అక్కడ పెద్దవాళ్ళకి ఈత నేర్పేది. నీళ్ళంటే భయపడే పెద్దమనుషుల్ని బతిమాలడం, బుజ్జగించడం ఆవిడకి తెలీదు. మెడ పట్టుకుని దింపేది. ఆవిడంటే ఉన్న భయంలో వాళ్ళు నీళ్ళ భయం మర్చిపోయేవారు.

మా కారు నాకన్నా వయసులో పెద్దది. చిన్న కారు. ఒకప్పుడు నీలం రంగు. ఎండకి వెలిసి, ఇప్పుడు ఏ రంగని అడిగితే ఒక్కొక్కళ్ళం ఒక్కొక్క మాట చెప్పేవాళ్ళం. ముందు నాన్న, ఆయన పక్కన అమ్మ. నాన్న వెనక సీట్లో అత్తయ్య. ఆ చోటు ఆవిడదే. అక్కడైతే తమ్ముడి భుజం మీద తట్టి, "ఆ లారీని చూశావా? చూస్తే ఎందుకలా పోతున్నావు?" అనడానికి వీలుగా ఉంటుంది. ఆవిడ పక్కన నేను.

చెప్పకేం, అత్తయ్య ఎక్కగానే కారు ఆ మూలకి ఒరిగేది. మెల్లగా, మర్యాదగా, "దయచేయండి" అన్నట్టు కుంగేది. ఆ వాలులో నేను జారి జారి, నాలుగు వీధులు దాటేసరికి ఆవిడ చంకలో ఉండేదాన్ని. అక్కడిదాకా ఫరవాలేదు. మా దారిలో ఉన్న స్పీడ్ బ్రేకర్లతోనే చిక్కు. ముందు చక్రాలు దిగిపోయేవి. వెనక భాగం దిగేటప్పుడు కారు పొట్ట నేలకి రాసుకుని గర్ర్‌ర్‌ర్ మనేది. ఆ చప్పుడు ఎందుకొస్తుందో అందరికీ తెలుసు. ఎవరం ఏమీ అనం. అమ్మ కిటికీలోంచి చూసేది. నేను గోళ్ళు చూసుకునేదాన్ని. నాన్న దగ్గేవాడు.

సరిగ్గా ఆ గర్ర్‌ర్‌ర్ మీదే, దాన్ని కప్పేసేలా, గట్టిగా, "ఖళ్, ఖళ్" అని. మొదట్లో ఒకటి రెండు దగ్గులతో సరిపోయేది. రానురాను స్ప్రింగులు ఇంకా కుంగి చప్పుడు పొడుగైంది. దాంతో దగ్గూ పొడుగైంది.

"నీకా దగ్గు వదలట్లేదురా" అంది ఒకరోజు అత్తయ్య. మర్నాడే దగ్గు మందు సీసా పట్టుకుని ఇంటికొచ్చింది. నల్లగా, చిక్కగా, తారులా ఉంది. చెంచాలో పోసి నోటి ముందు పెట్టింది. నాన్న ఆ మందు వైపు చూశాడు. అక్క వైపు చూశాడు. తాగేశాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం కారెక్కగానే ఒక చెంచాడు. కక్కలేక మింగలేక అంటారే, అది నేను కళ్ళారా చూశాను. ఒక సీసా అయిపోయింది. రెండోది వచ్చింది. దగ్గు తగ్గకపోయేసరికి అత్తయ్య, "ఛాతీ ఫోటో తీయిద్దాం, నాకు తెలిసినాయన ఉన్నాడు" అంది.

ఆ మాటతో నాన్న గుండెల్లో రాయి పడింది. మర్నాడే కారు తీసుకుని మెకానిక్ దగ్గరికి బయల్దేరాడు. నాకు సెలవు కావడంతో నన్నూ రమ్మన్నాడు. నేను ఉంటే మాట్లాడే పని కాస్త తగ్గుతుందని ఆయన ఆశ.

ఆ మెకానిక్ షెడ్డు బస్సు డిపో వెనక ఉండేది. ఆయనకి పని ఎంత వచ్చో నాకు తెలీదు గానీ, మాట బాగా వచ్చు. ఎదుటివాళ్ళు మొదలుపెట్టిన వాక్యాన్ని తనే పూర్తి చేసేవాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి కిందికి నొక్కి వదిలాడు. కారు వెనక భాగం ఉయ్యాలలా ఊగింది. ఊగుతూనే ఉంది. ఆయన తలపాగా విప్పి, మొహం తుడుచుకుని, మళ్ళీ చుట్టుకున్నాడు. ఇంకా ఊగుతూనే ఉంది.

"షాక్ అబ్జార్బర్లు పోయాయండీ. ఊపు ఆపాల్సింది అవే. స్ప్రింగులు చతికిలబడ్డాయి. బరువు మొయ్యాల్సింది అవి. మధ్యలో రబ్బరు బుష్‌లుంటాయి, అవి పిండయిపోయుంటాయి. ఈ కారు ఇన్నాళ్ళూ అలవాటు కొద్దీ నడిచింది" అన్నాడు. "సరే. వెనకాల బరువేమైనా వేస్తుంటారా?"

నాన్న కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"అంటే... అప్పుడప్పుడు... వారానికోసారి..."

"ఏం వేస్తారు?"

"వెయ్యడమంటే... అలా అనకూడదనుకోండి..."

"మూటలా?"

నాన్నకి ప్రాణం లేచొచ్చింది. తను చెప్పక్కర్లేకుండా ఎదుటివాడే ఒక మాట అందించాడు. "ఆఁ, మూటే అనుకోండి" అన్నాడు.

"సిమెంటా?"

నేను నాన్న చొక్కా లాగాను. నాన్న తల ఊపాడు. నాకు సమాధానంగా ఊపాడో, ఆయనకి సమాధానంగా ఊపాడో, ఆయనకే తెలియాలి.

"ఎన్ని మూటలు?"

"ఒక్కటే. కాకపోతే..." నాన్న రెండు చేతులూ గాల్లో చాచి, వెంటనే భయపడినట్టు దించేశాడు. "పెద్దది."

మెకానిక్ నా వైపు చూసి కన్నుకొట్టాడు. "ఒక్కటంటే రెండని నాకు తెలీదా! ఇరవై ఏళ్ళ నుంచీ చూస్తున్నా, బరువు దగ్గర నిజం చెప్పినవాడు లేడు. మీరేం దిగులు పెట్టుకోకండి. ఇదే కారుని సామాన్లు మోసే బండిగా కూడా చేశారు, తెలుసా? వెనక సీట్లుండవు, పెట్టెలా ఉంటుంది. దాని స్ప్రింగులు దీనికి అచ్చంగా సరిపోతాయి. లావు కమ్మీ. వాటితో పాటు గట్టి షాక్ అబ్జార్బర్లు వేస్తా. ఆ తర్వాత మీరు సిమెంటే వేసుకుంటారో, గోడే కట్టుకుని ఎక్కించుకుంటారో మీ ఇష్టం."

షెడ్డులోంచి బయటికొచ్చాక, "అత్తయ్యని సిమెంటు మూట అన్నావా నాన్నా?" అన్నాను.

"నేనెక్కడన్నాను తల్లీ? ఆయనే అన్నాడు" అన్నాడు నాన్న. "చూడు, మబ్బు పట్టేలా ఉంది."

కారు తెచ్చుకున్న రోజున అమ్మ గుమ్మంలోకి వచ్చి చూసి, "ముందు టైర్లలో గాలి పోయిందా?" అంది. గాలి పోలేదు. వెనక లేచింది. బంపరు కింద నుంచి ఒక పిల్లి నిటారుగా తోకెత్తుకుని దర్జాగా నడిచిపోయింది. ముక్కు మాత్రం నేలకేసి దించి, ఏదో పడిపోతే వెతుక్కుంటున్నట్టుంది మా కారు.

ఎక్కి వీధి చివరిదాకా వెళ్ళాం. సామాన్ల బండి స్ప్రింగులాయె, బరువుంటేనే వాటికి బుద్ధి. బరువు లేకపోతే గంతులే. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక చక్రాలు ఎగిరి దూకాయి. నా తల కప్పుకి కొట్టుకుంది. అమ్మ సంచీలోంచి ఉల్లిపాయలు కారంతా దొర్లాయి. నాన్న కళ్ళజోడు ముక్కు మీద నుంచి ఎగిరి అమ్మ ఒళ్ళో పడింది.

"కనబడట్లేదు, కనబడట్లేదు" అంటూ నాన్న బ్రేకు వేశాడు.

"నేల రాసుకోవట్లేదు కదా!" అన్నాడు తర్వాత, జోడు పెట్టుకుంటూ.

"ఎలా రాసుకుంటుందండీ? మనం నేల మీద ఉంటే కదా!" అంది అమ్మ.

ఆదివారం వచ్చింది. అత్తయ్య చెంచా, సీసా పట్టుకుని కారెక్కింది. చిత్రం ఏమిటంటే, ఆవిడ కూర్చోగానే ఆ కారు బుద్ధిమంతురాలైపోయింది. వెనక భాగం తగ్గి, ముక్కు లేచి, మట్టం పెట్టి చూసినట్టు సమంగా నిలబడింది. స్పీడ్ బ్రేకర్ వచ్చింది. మేమందరం పళ్ళు బిగబట్టాం. మెత్తగా ఎక్కింది, మెత్తగా దిగింది. గర్ర్ లేదు. గంతు లేదు. నాన్న అలవాటు కొద్దీ దగ్గబోయి ఆగిపోయాడు.

"చూశావా, మందు పనిచేసింది!" అంది అత్తయ్య.

ఆ ఆదివారం మా నాన్నంత ఆనందంగా కారు నడిపిన మనిషి ఊళ్ళో ఇంకొకరు ఉండరు. వచ్చేటప్పుడు ఆ ఆనందంలోనే బస్సు డిపో వైపు తిప్పాడు. సిగ్నల్ దగ్గర ఆగాం. పక్కనే టీ తాగుతున్న మెకానిక్ మమ్మల్ని చూశాడు. గ్లాసు పక్కవాడి చేతిలో పెట్టి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"భలే, భలే! చూడండి, ఎంత లెవెల్‌గా ఉందో! నేను చెప్పలా? సిమెంటు వేశారు కదా?" అంటూ వెనక్కి వెళ్ళి డిక్కీ తలుపు ఎత్తాడు. లోపల ఒక తువ్వాలు, నాలుగు ఉల్లిపాయలు. "మూటేదీ?" అన్నాడు. ముందుకొచ్చి వెనక సీటు కిటికీలోకి తొంగిచూశాడు. అత్తయ్య ఆయన్ని చూసింది. ఆయన అత్తయ్యని చూశాడు. ఆయన మొహంలో లెక్క కుదురుతుండడం మాకు స్పష్టంగా కనబడింది. నాన్న వైపు తిరిగి, "ఒక్కటే... పెద్దదన్నారు..." అని సగంలో ఆగిపోయాడు. ఎదుటివాళ్ళ వాక్యాలు పూర్తి చేసే మనిషి తన వాక్యం పూర్తి చెయ్యలేకపోయాడు.

"ఏ మూటరా?" అంది అత్తయ్య.

నాన్న దగ్గాడు.

అత్తయ్యకి ఆ మూట ఎవరో అర్థమైంది. నాన్న మెడ వెనక భాగం చూస్తూ కూర్చుంది. తర్వాత తలుపు తీసుకుని దిగింది. ఆవిడ దిగగానే కారు వెనక భాగం జానెడెత్తు పైకి లేచింది. ఆ లేవడం చప్పుడు లేకుండా లేచినా బాగుండేది. "హమ్మయ్యా" అన్నట్టు ఒక మూలుగు మూలిగి మరీ లేచింది. అత్తయ్య దాన్ని చూసింది. తువ్వాలు తీసుకుని, మాటా పలుకూ లేకుండా బస్సు ఎక్కేసింది. ఆవిడ మాట్లాడకపోవడం నా ఎరుకలో అదే మొదటిసారి.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. అత్తయ్య మా గుమ్మం తొక్కలేదు. ఆదివారాలు బస్సులో ఈతకొలనుకి వెళ్ళొచ్చేది. నాన్న రాయబారాలు పంపాడు. అమ్మ వెళ్తే, "నీ తప్పేముందమ్మా, కూర్చో" అని కాఫీ ఇచ్చి, షెడ్డులో జరిగిందంతా చెప్పించుకుంది. నేను వెళ్తే చెవి మెలిపెట్టి, "నువ్వూ అక్కడే ఉన్నావటే?" అంది. నాన్న స్వయంగా వెళ్తే తలుపు తీసి, "చెప్పు" అంది. నాన్న వాన గురించి చెప్పి వచ్చేశాడు.

ఇటు కారు సంగతి చూస్తే, వారం పొడుగునా అందులో తిరగడం గుర్రప్పందెంలో పాల్గొన్నట్టుంది. మెకానిక్ దగ్గరికి మళ్ళీ వెళ్ళడానికి నాన్నకి మొహం చెల్లలేదు. వెళ్తే నిజం చెప్పాలి కదా! అందుకని ఎక్కడి నుంచో ఒక నిజం సిమెంటు మూట తెచ్చాడు. దాన్ని తన వెనక సీట్లో కూర్చోబెట్టాడు. మలుపుల్లో ఒరిగిపోతోందని బెల్టు పెట్టాడు. దుమ్ము రాలుతోందని మీద అమ్మ పాత శాలువా కప్పాడు. కారు కాస్త దారికొచ్చింది గానీ, ఆ మూటని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరించేది. పక్కన కూర్చుంటే నేను మళ్ళీ అటే జారేదాన్ని. అత్తయ్యయితే జారినప్పుడు నెత్తి మీద చెయ్యి వేసేది.

ఒక ఆదివారం కుండపోతగా వాన. మేం కార్లో పోతుంటే బస్సు స్టాపులో అత్తయ్య గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. గాలికి ఆ గొడుగు అటు తిరిగి ఇటు తిరిగి చివరికి పువ్వులా విచ్చుకుంది. నాన్న ఇంకేమీ ఆలోచించలేదు. కారు ఆపి, దిగి, వానలో తడుస్తూ, "అక్కా, ఎక్కక్కా" అన్నాడు.

అత్తయ్య బెట్టు చేసింది. కానీ చీర తడుస్తోంది, బస్సు జాడ లేదు. "ఈతకొలను దాకానే" అంటూ వచ్చి తన తలుపు తీసింది.

లోపల శాలువా కప్పుకుని, బెల్టు పెట్టుకుని, సిమెంటు మూట.

నాన్న దాని సంగతి పూర్తిగా మర్చిపోయాడు. అమ్మ "రామ రామ" అని కళ్ళు మూసుకుంది.

"నా చోట్లో కూర్చోబెట్టావా దీన్ని?" అంది అత్తయ్య. వాన చప్పుడు మీద కూడా ఆ గొంతు స్పష్టంగా వినబడింది.

"అది... బరువు కోసం..."

"శాలువా కూడా కప్పావు. చలేస్తుందనా?"

"దుమ్ము..."

"బెల్టు పెట్టావు. ఇన్నేళ్ళుగా కూర్చుంటున్నాను, నాకెప్పుడైనా బెల్టు పెట్టుకోమని చెప్పావుట్రా? నా ప్రాణం కన్నా సిమెంటు మూట ఎక్కువైందా నీకు?"

నాన్న కళ్ళజోడు తీశాడు. వానలో తుడవడానికేం లేదు. ఆకాశం గురించి మాట్లాడదామంటే అది అందరి నెత్తిన పడుతూనే ఉంది. చివరికి, "నీకు సరిపోదక్కా బెల్టు" అన్నాడు.

బస్సు స్టాపులో ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు.

"ఏమన్నావు?"

"సరిపోదు. పొడుగు చాలదు. ఒకసారి నువ్వు లేనప్పుడు కొలిచి చూశాను." ఆ ఒక్క మాట బయటపడేసరికి ఏదో కట్ట తెగినట్టయింది నాన్నకి. "నువ్వు బరువక్కా. నువ్వెక్కితే కారు ఒరుగుతుంది. కింద రాసుకుంటుంది. ఆ చప్పుడు నీకు వినబడకూడదనే దగ్గేవాణ్ణి. నాకు దగ్గు లేదు. ఎప్పుడూ లేదు. ఆ మందు తాగితే సాయంత్రం దాకా నోరంతా చేదు. నువ్వల్లిన స్వెట్టరు మెడ దగ్గర గుచ్చుకుంటుంది. నువ్వు కార్లో పాటలు పాడితే నాకు దారి తెలీదు. నీ కోసమే స్ప్రింగులు మార్పించాను. ఇప్పుడు నువ్వు లేకపోతే కారు కుదురుగా నడవట్లేదు. దీన్ని పెట్టాను గానీ, ఇది భుజం మీద తట్టదు, లారీ వస్తోందని చెప్పదు. రా అక్కా, ఎక్కు."

ఆయన జీవితంలో ఒక్క బిగిన అన్ని మాటలు మాట్లాడగా అమ్మ కూడా వినలేదట.

అత్తయ్య విరిగిన గొడుగు పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత మెల్లగా, ఆవిడకి అలవాటు లేని చిన్న గొంతుతో అంది: "నేను బరువని నాకు తెలీదట్రా పిచ్చి సన్నాసీ? పొద్దున లేచినప్పటి నుంచీ మోస్తున్నది నేనే కదా. నీ కారు రాసుకుంటున్న సంగతీ తెలుసు. దగ్గు మాత్రం నిజమే అనుకున్నా. ఛాతీలో ఏదైనా ఉందేమో అని రాత్రుళ్ళు నిద్రపట్టేది కాదు నాకు." గొంతు మళ్ళీ పెంచింది. "నిన్ను భుజాల మీద ఎక్కించుకుని బడికి మోసుకెళ్ళినప్పుడు నేనేం స్ప్రింగులు వేయించుకోలేదు! బరువంటే బరువని చెప్పు, పడతాను. ఎవడో అడిగితే మా అక్క అని చెప్పలేక మూట అన్నావు చూడు, అదీ నాకు మండింది."

"మా అక్కే" అన్నాడు నాన్న. "చెప్తాను. పద, ఆయనకి ఇప్పుడే చెప్తాను."

అత్తయ్య నవ్వింది. మొదట ముక్కుతో, తర్వాత ఒళ్ళంతా. బస్సు స్టాపులో జనం కూడా కారణం తెలిసినట్టే నవ్వారు. ఆవిడ వంగి, బెల్టు విప్పి, సిమెంటు మూటని ముందు సీటు వెనక కాళ్ళ దగ్గరికి తోసి, శాలువా దులిపి తను కప్పుకుని కూర్చుంది. వెనక స్ప్రింగుల మీద అన్నీ కలిపి ఆ రోజు పడినంత బరువు ఎప్పుడూ పడలేదు. కారు గాజుపెట్టె మోస్తున్నంత జాగ్రత్తగా నడిచింది.

నాన్న మాట మీద నిలబడ్డాడు. ఆ వారమే మేం నలుగురం షెడ్డుకి వెళ్ళాం. మెకానిక్ అత్తయ్యని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఈవిడ మా అక్క" అన్నాడు నాన్న. "వెనక కూర్చునేది ఈవిడే. సిమెంటు కాదు."

"వాడు మూట అన్నాడు, సరే. మీరు దాన్ని రెట్టింపు ఎందుకు చేశారు?" అంది అత్తయ్య.

"అందరూ తగ్గించి చెప్తారండీ అమ్మగారూ..."

"నేను తగ్గించను" అని తన బరువెంతో చెప్పేసింది. మామూలుగా, మైదానం గొంతుతో. కారు కింద పడుకుని పనిచేస్తున్న మనిషి చేతిలోంచి రెంచీ కింద పడింది. ఆ అంకె ఇక్కడ రాయడానికి నాకేం అభ్యంతరం లేదు, అత్తయ్యకీ లేదు. కానీ తర్వాత జరిగింది వింటే ఎందుకు రాయడం లేదో మీకే తెలుస్తుంది. "నాదొక్కదానిదే చాలదుగా. అందరూ చెప్పండి. స్ప్రింగు అందర్నీ మోస్తుంది" అంది. నాన్న చెప్పాడు. నేను చెప్పాను. అమ్మ చెప్పలేదు. అమ్మ అటు తిరిగి, గోడ మీద వేలాడుతున్న టైర్ల ట్యూబులు ఎంత బాగున్నాయో చూడ్డం మొదలుపెట్టింది.

"ఏమమ్మా?" అంది అత్తయ్య.

"ఇవాళ ఎండ ఎక్కువగా ఉంది కదా వదినా" అంది అమ్మ.

నాన్న అమ్మ వైపు చూసిన చూపులో ఎంత ఆనందం! ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకి ఒక తోడు దొరికింది. చివరికి అమ్మ మెకానిక్ చెవిలో చెప్పింది. ఆయన కనుబొమలు పైకి లేచి, మర్యాద గుర్తొచ్చినట్టు వెంటనే కిందికి దిగాయి. అత్తయ్యది రాస్తే అమ్మదీ రాయాలి, అందుకే ఆ అంకె దాచాను.

"ముందే ఇలా చెప్పుంటే మీ కప్పూ మీ తలలూ బాగుండేవి కదండీ!" అంటూ అప్పుడాయన అసలు పని మొదలుపెట్టాడు. సామాన్ల బండి స్ప్రింగులు తీసేశాడు. ఇదే కారులో ఆ తర్వాత వచ్చిన రకానికి వేసే స్ప్రింగులు, మామూలువాటి కన్నా ఒక వాసి గట్టివి, ఎక్కడో సంపాదించి బిగించాడు. షాక్ అబ్జార్బర్లు వాటికి తగినవి వేశాడు. పాత బుష్‌లు ఊడదీసి చూపించాడు. ఎండిన అత్తిపండ్లలా చిట్లిపోయి ఉన్నాయి. హెడ్‌లైట్లు మళ్ళీ సరిగ్గా రోడ్డు మీద పడేలా తిప్పాడు. చివరికి డిక్కీ మీద చేతులానించి నొక్కి వదిలాడు. కారు ఒక్కసారి లేచి నిలబడి, అక్కడితో ఆగింది. ఊగలేదు. ఆయన మా వైపు తిరిగి ఏదో గొప్ప మాట చెప్పబోయాడు గానీ, అత్తయ్య తనే ఇంకోసారి నొక్కి చూసింది. ఆవిడ నొక్కుడుకీ అంతే. అప్పుడు గానీ ఆవిడ తల ఊపలేదు.

నాన్న ఇంకో పని కూడా చేయించాడు. అత్తయ్య సీటుకి పొడుగాటి బెల్టు వేయించాడు. అది ఎందుకు వేయించాడో ఆవిడకి తనే చెప్పాడు, కళ్ళజోడు తుడుచుకోకుండా.

ఇదంతా అయ్యాక నాన్న మారిపోయాడనుకునేరు. ఏమీ మారలేదు. నిన్న మా వీధి చివర ఇంటావిడ కొత్త గేటు రంగు ఎలా ఉందని అడిగితే, "గేటు గట్టిగా ఉందండీ" అన్నాడు. ఒక్క అత్తయ్యతో మాత్రం సూటిగా మాట్లాడటం అలవాటైంది. అదీ కార్లోనే. కారు దిగితే మళ్ళీ మామూలే. కార్లో అయితే, "అక్కా, నువ్వు చెప్పిన దారి తప్పు", "అక్కా, ఆ పాట వద్దు" అంటాడు. ఆవిడ, "నోరు మూసుకుని నడుపు" అంటుంది. ఇద్దరికీ హాయిగా ఉంటుంది.

స్ప్రింగులు మార్చిన తర్వాతి ఆదివారం ఈతకొలను నుంచి తిరిగొస్తున్నాం. స్పీడ్ బ్రేకర్లు ఒకదాని తర్వాత ఒకటి వెళ్ళిపోతున్నాయి, వచ్చినట్టూ పోయినట్టూ తెలీకుండా. కాసేపటికి కార్లో ఏదో తేడాగా అనిపించింది. ఎవరూ నాన్నకి దారి చెప్పడం లేదు. పక్కకి చూస్తే అత్తయ్య తల ఒక పక్కకి వాల్చి, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది. ఆ కారులో ఆవిడ నిద్రపోగా మేం ఎన్నడూ చూడలేదు.

నాన్న అద్దంలోంచి చూశాడు. మా ఇంటి మలుపు వచ్చింది. తిప్పలేదు. నాకు మధ్యాహ్నం స్నేహితురాలింటికి వెళ్ళాల్సిన పనుంది. ఆ మాటే అనబోతే నాన్న పెదవి మీద వేలు పెట్టాడు. కారు ఊరు చుట్టూ ఉన్న పొడుగు రోడ్డు పట్టింది. అత్తయ్య గురక సన్నగా, నిలకడగా వినబడుతోంది. ముందు ఒక లారీ వచ్చింది. నాన్న దాన్ని తనంతట తనే చూసుకుని, పక్కకి తప్పుకుని, నిదానంగా ముందుకు పోనిచ్చాడు.